తీగ మోసినంత

తంతి మీటను పంచె చెంగుతో తుడిచి, బయట కార్తీకపు వాన ఎంత గట్టిగా పడుతోందో చెవి ఒగ్గి విన్నాడు కోదండరామయ్య. బక్కపలచని మనిషి. చూపుడువేలి కొస కాయకాసి గట్టిపడింది. ఆత్మకూరు తంతి ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ వేలితోనే బతుకుతున్నాడు. నెల్లూరు దాకా ముప్పై అయిదు మైళ్ల ఇనప తీగ. ఎండాకాలం నిమిషానికి పాతిక మాటలు మోస్తుంది. వాన పట్టిందా, ఎనిమిది దాటితే చాలు, చుక్కలూ గీతలూ తడిసిన అప్పడాల్లా అతుక్కుపోతాయి. ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన చెవిలో ఉంది.

కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరు బాలసుబ్రహ్మణ్యానికి గోడ గడియారమే దేవుడు.

“నిమిషానికి ఇరవై మాటలు పోవాల. అది రూలు.”

“ఆ రూలు మనకు సార్, తీగకు కాదు.”

పది గంటలకు మర్రిపాడు మాలకొండమ్మ తడిసి ముద్దయి వచ్చింది. మొగుడు కొండయ్య కాలు లారీ కింద నలిగి నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు తీసేస్తేనే బతుకుతాడని, మధ్యాహ్నంలోగా ఆమె ఒప్పుకోవాలని డాక్టరు తంతి ఇచ్చాడు. వెళదామంటే వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి.

“తియ్యమను సామీ. కాలు పోతే పోయినాది, మనిషి ఉంటే చాలు.”

‘కాలు తీయండి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు కోదండరామయ్య. పోస్టుమాస్టరు గడియారం చూపించాడు. కాదనలేక వడిగా కొట్టాడు. అవతల నెల్లూరు మీట దగ్గర ప్రేమానందం, ఇరవై ఏళ్లుగా తీగ మీదే తప్ప ముఖం చూడని స్నేహితుడు, వెంటనే అడిగాడు: “నడుమ చెదిరింది. తీయండి అనా, తీయకండి అనా?”

ఏం పాడు భాషో మనది! వద్దనడమంతా నడుమ ఒక్క ‘క’లో దాచిపెడుతుంది.

“ఇంక నన్ను తొందరపెట్టొద్దు సార్,” అన్నాడు కోదండరామయ్య. ఒక్కో అక్షరం కొట్టి, అది తడి తీగ మీద నడిచి నెల్లూరు చేరేదాకా ఆగి, తర్వాతది కొట్టాడు. రెండు మాటలకు నిమిషం పట్టింది.

“తీయండి. అందింది,” అన్నాడు ప్రేమానందం.

“అప్పుడే పోయినాదా నా మాట?” మాలకొండమ్మ కిటికీలోంచి తీగకు దణ్ణం పెట్టింది. కోదండరామయ్యకు ఒళ్లు గగుర్పొడిచింది. అంత వాన, అంత దూరం, ఒక ఆడమనిషి నోటి మాట! ఇన్నేళ్లయినా ఆ వింత ఆయనకు పాతబడలేదు. బాలసుబ్రహ్మణ్యం గడియారం సంగతే మర్చిపోయి నిలబడ్డాడు.

సాయంత్రం అయిదింటికి మిషను టకటకలాడింది. కోదండరామయ్య ఫారం మీద రాసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. అందిందని నెల్లూరుకు చెప్పలేదు. మిషను ఆత్మకూరును మళ్లీ మళ్లీ పిలిచింది. బాలసుబ్రహ్మణ్యం వచ్చి భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

కాసేపటికి తానే మీట ముందు కూర్చున్నాడు. ఒక్కో అక్షరానికీ ఆగి ఆగి పంపాడు: “కోదండరామయ్య పోయినాడు.”

“ఎక్కడికి?” అని అడిగాడు ప్రేమానందం.

పోస్టుమాస్టరు వేలు మీట మీదే ఉండిపోయింది. వరండాలో మాలకొండమ్మ కబురు కోసం ఇంకా కూర్చునే ఉంది. బల్ల మీది ఫారంలో గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ చెదరలేదు: “కొండయ్య కులాసా.”