అరవై రెండు పౌండ్లు

మేనమామ చేసే పనికి గట్టింగ్ అని పేరు. టెన్నిస్ రాకెట్‌కి తీగలు లాగి బిగించడం. పూర్వం ఆ తీగలు పశువుల పేగులతో చేసేవారనీ, పరాయి భాషలో పేగుకున్న గట్ అనే పేరే పనికి పేరయిందనీ ఆయనకు తెలుసు. ఆయన బావకు తెలియదు. గట్టింగంటే గట్టిగా బిగించడమేనని బావ లెక్క.

"గట్టింగ్ అని పేరెట్టుకుని మెత్తగా లాగుతావేంటోయ్? మా పిల్ల బంతి కొట్టాలా, దిండు దులపాలా?" అనేవాడు.

అందరూ నవ్వేవారు. మేనమామ కూడా నవ్వి తీగల బిగువు మరో రెండు పౌండ్లు పెంచేవాడు. అంత బిగువు చేతికి మంచిది కాదని తెలుసు. ఒకసారి చెప్పబోయాడు కూడా. కానీ అక్క మొగుడు, పిల్లకు తండ్రి, ఆట నేర్పినవాడు. ఆయన మాటకు ఎదురేం చెబుతాం అని ఊరుకున్నాడు. నాలుగేళ్ళలో యాభై పౌండ్లు అరవై రెండయ్యాయి.

ఆ పిల్లని ఇంట్లో తూనీగ అంటారు. పద్దెనిమిది నిండాయి. ఈ ఏడే ప్రొఫెషనల్‌గా పేరు రాయించుకుంది. మొదటి మూడు టోర్నమెంట్లలో మొదటిరోజే ఓడి బ్యాగు సర్దుకుంది. నాలుగోదానిలో మణికట్టు లాగింది. చెంచా ఎత్తితే కళ్ళలో నీళ్ళు. డాక్టరు మూడు నెలలు ఆట మానమన్నాడు. బావ ఆ డాక్టర్ని మానేసి ఇంకొకణ్ణి పట్టుకుని మణికట్టుకి నొప్పి తెలియకుండా సూది వేయించాడు. మూడు వారాలకు ఇంకో సూది.

అప్పట్నుంచీ తూనీగ గెలవడం మొదలుపెట్టింది.

ఈ ఊరి టోర్నమెంట్లో అయితే ఫైనల్ దాకా వచ్చేసింది. గెలిస్తే పెద్ద టోర్నమెంట్లో నేరుగా చోటు. బావ కాళ్ళు నేలమీద ఆనడం లేదు. మేనమామ మాత్రం సూదులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆయన పనిగది స్టేడియం మెట్ల కింద. కిటికీ లేదు. బల్ల, మిషన్, గోడకి కొక్కేలు, కొక్కేలకి ఆటగాళ్ళ రాకెట్లు. పైన జనం నడిస్తే కప్పులోంచి సున్నం రాలుతుంది. సెమీఫైనల్ అయిన సాయంత్రం ఆయన తూనీగ రాకెట్ల పిడి టేపులు విప్పుతున్నాడు. ఇదివరకు ఆ టేపు చూపుడువేలి దగ్గర, అరచేతి మొదట్లో అరిగేది. ఇప్పుడు చుట్టూ నొక్కుకుపోయి ఉంది. పడిపోతున్నవాడు కొమ్మని పట్టుకున్నట్టు పట్టుకుంటోంది పిల్ల. లోపలి చుట్టులో ఎండిన నెత్తురు కనబడింది.

"అమ్మడూ, ఇదేంటే?"

తూనీగ అరచెయ్యి తిప్పి చూసుకుంది. చిటికెనవేలి కింద పొక్కు చిట్లి, తోలు లేచిపోయి ఉంది.

"అరె. చూళ్ళేదు మామయ్యా."

"నొప్పి లేదూ?"

"లేదు."

"బొత్తిగా?"

"బొత్తిగా లేదు. నాన్న అడిగితే అదే చెప్పు, సంతోషిస్తాడు."

మేనమామ ఇంకేం అడగలేదు.

మర్నాడు పొద్దున ఒక పని చేశాడు. ఈ పనిలోకి వచ్చాక ఎప్పుడూ చెయ్యని పని. ఫైనల్‌కి ఐదు రాకెట్లు అరవై రెండుకే బిగించి, ప్రాక్టీసుకిచ్చే ఆరోదాన్ని నలభై ఎనిమిదికి లాగి వదిలేశాడు. పద్నాలుగు పౌండ్లు తేడా. తీగ వదులైతే బంతి దూరం పోతుంది. పదేళ్ళ పిల్లయినా ఒక్క దెబ్బకి పట్టేస్తుంది. తీగల మీద అరచేత్తో కొట్టి, ఎవరు కట్టారిది అని ముఖం చిట్లిస్తుంది.

కంచె పక్కన నిలబడి చూశాడు. మొదటి బంతి గీత దాటి వెళ్ళి వెనక కంచెకు తగిలింది. రెండోదీ అంతే. తూనీగ తన పాదం వైపు చూసుకుంది. మోచెయ్యి చూసుకుంది. గాలి ఎటు వీస్తోందో చూసింది. రాకెట్ వైపు మాత్రం చూడలేదు. పదో బంతికి భుజం తగ్గించి ఎలాగో లోపల పడేసింది.

"గట్టింగ్ ఎలా ఉందే?" అన్నాడు, ఆమె బయటికి వచ్చాక.

"ఎప్పట్లాగే. గట్టిగా ఉంది."

మేనమామ ఆమె చేతిలోంచి ఆ రాకెట్ తీసుకున్నాడు.

బావ టీ తాగుతుంటే వెళ్ళి నిలబడ్డాడు. "బావా, పిల్ల చేతికి స్పర్శ లేదు."

"నొప్పి లేదందిగా."

"నొప్పి లేకపోవడం కాదు. ఏదీ లేదు. ఇవాళ ఆడనివ్వకండి. ఇలాగే ఆడిన కుర్రాడొకడు నాకు తెలుసు. చెయ్యి ఎండిపోయి ఇప్పుడు చొక్కా బొత్తాం పెట్టుకోలేడు."

"ఫైనల్ రోజున అపశకునం మాటలేంటోయ్? నీకొచ్చింది మిషన్ తిప్పడం. చేతులు చూడ్డం ఎప్పుడు నేర్చావు?" బావ కప్పు కింద పెట్టాడు. "వెళ్ళి రాకెట్లు సర్దు. గంట కూడా లేదు."

మేనమామ గదికి వచ్చి తలుపు మూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది. అయినా ఆకులు తప్ప ఇంకేం మిగిలింది. కత్తెర తీసుకుని మొదటి రాకెట్ తీగల నడుమ పెట్టి నొక్కాడు. అరవై రెండు పౌండ్ల బిగువు ఠప్పున విడిపోయింది. తర్వాత రెండోది. ఆరూ అయ్యేసరికి బల్లమీద తీగ ముక్కలు తప్ప ఏమీ లేవు. మళ్ళీ బిగించాలంటే ఒక్కోదానికి అరగంట పైనే.

తూనీగ వచ్చి గుమ్మంలో ఆగింది. బల్ల వైపు చాలాసేపు చూసింది.

"నేనే కోశాను" అన్నాడు మేనమామ. "బిగించిందీ నేనే. మీ నాన్న అడిగినప్పుడల్లా నవ్వుతూ బిగించాను. పొద్దున నీకిచ్చింది నలభై ఎనిమిది."

తూనీగ స్టూలు మీద కూర్చుంది. కోప్పడలేదు. కుడిచేతి వేళ్ళు ముడిచి, విప్పి, ఎవరివో చూస్తున్నట్టు చూసింది.

"ఎప్పట్నుంచే?"

"రెండో సూది అయ్యాక. మొదట ఈ రెండు వేళ్ళు. తర్వాత అన్నీ. కళ్ళతో చూసి పట్టుకుంటున్నా. బాగా ఆడుతున్నానుగా మామయ్యా. భయం కూడా పోయింది."

"చెప్పలేదేం?"

"నొప్పా అని అడుగుతారు అందరూ. లేదంటా. అబద్ధం కాదుగా. ఇంకోటెవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

పైన జనం వచ్చి కూర్చుంటున్నారు. సున్నం పొడి ఇద్దరి మీదా రాలుతోంది. మైకులో ఆమెను పిలిచారు.

తూనీగ లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి ఒక కొక్కెం మీంచి రాకెట్ దించింది. నిన్న ఓడి వెళ్ళిపోయిన మగ ఆటగాడిది. బరువు, లావు పిడి.

"అది నీది కాదే. నీ చేతికి ఆగదు. తిరగబడి మణికట్టు విరుస్తుంది" అన్నాడు మేనమామ, తలుపుకి అడ్డం వచ్చి.

"నాకిప్పుడు ఏదైనా ఒకటే మామయ్యా" అంది, ఓదారుస్తున్నట్టు.

పిడిని కుడిచేతిలో పెట్టుకుంది. ఎడమచేత్తో ఒక్కో వేలూ తీసి దానిమీద మూసింది, చిటికెనవేలు చివర. అన్నీ సరిగ్గా ఉన్నాయా అని వంగి చూసుకుని, ఆయన్ని మెల్లగా పక్కకి జరిపి మెట్లెక్కింది.