మాబు సాహెబ్ బొటనవేలు

గుంటూరులో కారు టైరు కొనేవాళ్లు కంపెనీ పేరు అడిగేవాళ్లు కాదు, మాబు సాహెబ్ బొటనవేలి వంక చూసేవాళ్లు. టైరు గాడిలో వేలు పెట్టి, గోరు ఎంత లోతుకు దిగిందో చూసి, అదింకా ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పేవాడు. ఆ మాటకు తిరుగు లేదు.

ఇవాళ పొగాకు రైతు బుల్లయ్యగారు తన కొడుకు హనుమంతు కారును మాబు టైర్ల కొట్టుకు తెచ్చారు. ఇద్దరే పట్టే, పైకప్పు లేని ఎర్ర కారు. తొలకరినాడు సత్తెనపల్లి రోడ్డులో, ఎడ్లబళ్లు పొలాల్లోంచి మోసుకొచ్చిన నల్లమట్టి మీద జారి బోల్తా కొట్టింది. హనుమంతు అక్కడికక్కడే పోయాడు.

"బాగు చేయించాను సాయిబూ. చీరాలాయన కొంటానన్నాడు. అతనూ కుర్రాడే. నాలుగూ కొత్త టైర్లు వేసే పంపుదామని."

మాబు మూడు రకాలు దొర్లించుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాడు.

"నాకేం తెలుసు? నువ్వే వేలు పెట్టి చెప్పు," అన్నారు బుల్లయ్యగారు.

మాబు వంగాడు. తొలకరికి వారం ముందు, ఇక్కడే, హనుమంతు కారు పాత టైర్ల మీద ఈ పాడు వేలే పెట్టి, "ఈ వానాకాలానికి ఢోకా లేదు బాబూ" అని నవ్వుతూ పంపేశాడు. ఆ సంగతి తనకూ హనుమంతుకూ తప్ప ఇంకెవరికీ తెలీదు.

వేలు గాడి దాకా వెళ్లి ఆగిపోయింది.

"తొందరేం లేదు, నిదానంగానే చూడు," అన్నారు బుల్లయ్యగారు. "మాబు సరేనన్నాక ఇంక భయం లేదు నాన్నా అనేవాడు మావాడు."