ఏ బోల్టు ఇల్లు దానికే

నిద్రగన్నేరు పూలు రాలుతున్నాయి.

గులాబీ రంగు దూదిపింజల్లా... తెరిచిన బానెట్ మీద, ఇంజన్ లేని ఖాళీలో, ఇన్నయ్య నెరిసిన తలమీద.

యూనివర్సిటీ క్వార్టర్ల వెనక ఆ చెట్టు. చెట్టు కింద పాత ఫియట్. కొమ్మకు గొలుసు కప్పీ. కప్పీకి వేలాడుతూ ఇంజన్ — తార్నాకలో ఇన్నయ్య మెకానిక్ షెడ్డులో పదిరోజులుండి, కొత్త రింగులు వేయించుకుని తిరిగొచ్చింది.

"చర్చి గంట గాదురా ఎంకన్నా, మెల్లగ వదులు," అన్నాడు ఇన్నయ్య.

"గంటయితే మోగుతది. ఇది నా నడుము ఇరగ్గొడ్తది," అన్నాడు ఎంకన్న. పక్క షెడ్డులో నలభై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్న మనిషి.

ఇంజన్ దిగింది. అంగుళం... అర అంగుళం... తన చోటు తనే గుర్తుపట్టినట్టు కూర్చుంది.

జ్యోతిర్మయి మెట్లమీద కూర్చుని చూస్తోంది. కారు ఆమె నాన్న దివాకర్ సార్‌ది. ఆయన లేడు. ఆయనలాగే ఇక్కడే పాఠాలు చెప్పి, ఆమె కూడా రిటైరయింది. రేపు పొద్దున క్వార్టర్ తాళాలు అప్పగించాలి. తను మారుతున్న తార్నాక అపార్ట్‌మెంటులో నడవని బండిని నిలపనివ్వరట.

సాయంత్రానికి నడిస్తే తార్నాక. నడవకపోతే మౌలాలి తుక్కు లారీ.

అంతే.

నలభై అయిదేళ్ల కిందట ఇదే కొమ్మ. ఇదే ఇంజన్. ఇన్నయ్య తన చేతులతో దింపిన మొదటి ఇంజన్. మెట్లమీద రెండు జడల జ్యోతిర్మయి, ఒళ్లో పుస్తకం మూసేసి, కళ్లార్పకుండా. పక్కన బీడీ వాసనతో, పని నేర్పిన యోహాను ఉస్తాద్.

ఉస్తాద్‌ది ఒకటే పద్ధతి. విప్పిన బోల్టును డబ్బాలో వేయకూడదు. వచ్చిన రంధ్రంలోనే తిరిగి బిగించి ఉంచాలి.

"ఏ బోల్టు ఇల్లు దానికే ఉండాలె," అనేవాడు.

ఉస్తాద్ పోయాడు. పద్ధతి మిగిలింది.

పొద్దు వాలుతోంది. ఇన్నయ్య లేచి చేతులు తుడుచుకున్నాడు. నేలమీద ఒక్క బోల్టు మిగల్లేదు. తాళం తిప్పాడు.

స్టార్టర్ మూలిగింది. ఆగింది.

మళ్లీ తిప్పాడు.

స్టీరింగు పక్కన చోక్ లాగే గుండీ చుట్టూ సన్నటి పొగ. కాలిన రబ్బరు వాసన.

జ్యోతిర్మయి లేచి నిలబడింది. చేతిలో ఫోను. లారీవాడి నంబరు.

"పాత వైర్లు గదా మేడం, గట్లనే..." ఎంకన్న అందుకున్నాడు.

ఆ మాటకు ఇన్నయ్య తలూపితే చాలు. ఆమె నమ్మేది.

ఇన్నయ్య కారు కిందికి దూరాడు. వేళ్లతో వెతికాడు. ఇంజన్‌నూ బాడీనీ కలిపే ఎర్త్ పట్టీ ఒంటి కొసతో వేలాడుతోంది. దాని బోల్టు మాత్రం తన రంధ్రంలో... బిగుతుగా, బుద్ధిగా. పట్టీ లేక, కరెంటంతా చోక్ తీగ దారి పట్టింది.

డబ్బాలో వేసుంటే ఆ బోల్టు మిగిలేది. మిగిలి, చెప్పేది. ఉస్తాద్ పద్ధతిలో బోల్టు ఏమీ చెప్పదు. అందుకే ఉస్తాద్ చివర్లో ఒక్కో అతుకునూ చేత్తో తడిమేవాడు. ఇన్నయ్యా తడిమేవాడు... మొన్నటిదాకా. ఈరోజు తడమాలన్న సంగతే తట్టలేదు.

బయటికొచ్చాడు.

"వైర్లది తప్పు గాదు మేడం. నేనే మరిచిన."

ఆమె అతన్నే చూసింది. చెట్టును చూసింది. మళ్లీ అతన్ని.

"ఇంకేమన్నా మర్చిపోయినవా, అన్నా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇన్నయ్య మళ్లీ కారు కిందికి దూరాడు. పట్టీ బిగించాడు. ఒక్కో అతుకునూ తడిమాడు. తడిమినదాన్నే మళ్లీ తడిమాడు. చోక్ తీగ మాడింది గానీ తెగలేదు.

ఈసారి తాళం ఆమే తిప్పింది.

ఇంజన్ పలికింది.

ఆ పలుకు... దివాకర్ సార్ పొద్దున్నే క్లాసుకు బయల్దేరేటప్పటి పలుకు. ఎంకన్న నడుము సంగతి మరిచి నవ్వాడు. జ్యోతిర్మయి స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచింది.

"వస్తా అన్నా," అంది.

మొదటి గేరు... రెండో గేరు... మలుపు. తర్వాత సీతాఫల్‌మండి వైపు నుంచి రైలు కూత. చప్పుడు అందులో కలిసిపోయింది.

ఇన్నయ్య కళ్లు మూసుకున్నాడు. చెయ్యి గాల్లో తడుముతోంది. ముందు మౌంటు... వెనక మౌంటు... సైలెన్సరు పైపు...

ఆ తర్వాత ఏ అతుకు?

తలపైన నిద్రగన్నేరు ఆకులు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి.