హాలు గేటు ముందు మైకు

నేను ఒక మైకుని. కచేరీల్లో మెడ నిక్కించుకుని నిలబడే జాతి కాదు నాది. మొదటి ఆట వదలగానే సినిమా హాలు గేటు దగ్గర జనం మూతుల ముందు పెట్టి "సినిమా ఎట్టా ఉందండీ?" అని అడుగుతారే, ఆ మైకుని. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు నా చేత పాటలు పాడిస్తారనుకున్నారేమో పాపం. మెడకో యూట్యూబ్ ఛానెల్ బొమ్మ తగిలించుకుని తెనాలి వచ్చిపడ్డాను. నన్ను పట్టుకునే అమ్మాయి పేరు తబస్సుమ్. రోజూ జనం తుంపర్లతోనే నాకు స్నానం.

సినిమా చూసొచ్చినవాడి నోరు వినాలండీ! ఏళ్ల తరబడి తీసినదాన్ని ఒక్క మాటతో చెత్తబుట్టలో పారేస్తాడు. "పాటలప్పుడు బయటికెళ్లి పునుగులు తిన్నా" అనేదీ వాడే, పాటలు బాగాలేవనేదీ వాడే.

వాళ్లలో మొనగాడు నాగసాయి. సెల్‌ఫోన్ల షాపులో పని, సినిమాలంటే ప్రాణం. నచ్చితే చొక్కా చించుకునేవాడు, నచ్చకపోతే దర్శకుడి ఏడు తరాలనూ కడిగేసేవాడు. "నాకు మొహమాటం లేదు" అన్నది వాడి ఊతపదం. నా ముందుకు ముందొచ్చినవాడి మాటే ఛానెల్లో ముందు పడుతుంది. అందుకని వాడు క్లైమాక్సు మిగిలి ఉండగానే సీటు వదిలి పరుగెత్తుకొచ్చేవాడు. చివర్లో ఏముంటుంది, హీరో గెలుస్తాడు, అంతేగా అని వాడి ధీమా.

ఆ శుక్రవారం వచ్చిన సినిమాలో వాడి బాబాయి పూర్ణయ్య ఉన్నాడు. నాటకాలాడి జుట్టు నెరిసిన మనిషి. తెర మీద కనబడటం అదే మొదలు. దీంతో పేరొస్తే ఇంకో వేషమైనా దొరుకుతుందని ఆయన ఆశ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాగసాయిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని సినిమా చూశాడు.

నాగసాయి మాత్రం ఎప్పటిలాగే ముందే బయటపడ్డాడు.

"మీ బాబాయి ఎట్టా చేశాడన్నా?" అంది తబస్సుమ్.

"బాబాయైనా సరే, నాకు మొహమాటం లేదమ్మా. ఆ ముసలి పాత్ర ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాల. మూలన కూర్చుని దగ్గటం తప్ప ఏం చేశాడు? నాటకాలోళ్లకి కెమెరా ముందు నటన రాదంతే!"

గేటు దగ్గర కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆ మాట అప్పటికప్పుడే లైవులో పోయింది.

ఇంతలో హాలు తలుపులు తెరుచుకున్నాయి. జనం కళ్లు తుడుచుకుంటూ వస్తున్నారు. దగ్గుతూ కూర్చున్న ఆ ముసలివాడే చివర్లో లేచి, తన కొడుకును చంపినవాడికి అన్నం కలిపి పెట్టాడట. ఆ సీను చెప్పబోయి ఒకావిడ నా ముందే ఏడ్చేసింది. నాగసాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లైవు చూసినవాడొకడు ఊరుకోలేదు. "ఏమయ్యా, ఆ సీను చూసే అన్నావా ఆ మాట?"

తబస్సుమ్ నన్ను వాడి నోటి దగ్గర పెట్టింది. "చూళ్లేదు" అంటే చాలు, బాబాయి పరువు నిలబడుతుంది. వాడి ఊపిరి నాకు వెచ్చగా తగులుతోంది. అనరా నాయనా, అను!

"చూశా. నాకు నచ్చలా" అన్నాడు.

ఛీ! సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాటను మోసింది నేనే కదా. ఖాళీ అయిన సీటు పక్కన కూర్చుని క్లైమాక్సు చూసిన మనిషి అక్కడే నిలబడి వింటున్నాడు.

"అబద్ధం! పూర్ణయ్యగారూ, మీరు చెప్పండి" అన్నారెవరో.

పూర్ణయ్య నా మీదికి వంగాడు. "చూశాడండీ, నా పక్కనేగా కూర్చుంది. మావాడికి నచ్చకపోతే నచ్చలేదంటాడు. అబద్ధం ఆడడు."

ఆయన గొంతు వణకలేదు, రెప్ప ఆడలేదు. జనం నమ్మేశారు. బాబాయి భుజం మీద చెయ్యి వేసి తీసుకెళుతుంటే నాగసాయి తల ఎత్తలేకపోయాడు.

ఇప్పుడు తీగ తెగి రిపేరు షాపు బుట్టలో పడి ఉన్నాను. ఎన్నో నోళ్లను మరిచిపోయాను గానీ ఆ పూట మరపుకు రాదు. ఆ తర్వాత కూడా నాగసాయి ప్రతి శుక్రవారం వచ్చేవాడు. అందరూ వెళ్లిపోయాక బయటికొచ్చి, నన్ను చూసి, గోడవారగా తప్పుకునేవాడు. అటు తిరగడానికి నాకూ మొహం చెల్లేది కాదు.