నాలుగో పాదం

నేను ఒక సీసపు అక్షరాన్ని. బండి ‘ఱ’ను. మద్రాసులో పోతపోసి, బాపట్ల స్టేషన్ రోడ్డు సందులోని ఒక అచ్చాఫీసుకు పంపారు. అప్పటికే నన్ను రాసేవాళ్లు తగ్గిపోయారు. మనుషులు చిత్రమైనవాళ్లు; ఒక అక్షరాన్ని పనికిరాదని తీర్మానించాక కూడా పోతపోస్తూనే ఉంటారు.

మమ్మల్ని గళ్లపెట్టెలోంచి ఏరి వరసలు కూర్చేది శరభయ్య. తండ్రి పోవడంతో ఆరో తరగతిలో బడి మానేసి, ఆ పెట్టె ముందు నిలబడ్డాడు. నలభై ఆరేళ్లు అలాగే నిలబడ్డాడు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఇతరుల కవితలు కూర్చాడు. చివరికి ఒక కంట్లో శుక్లం కమ్మింది.

అతని సంగతి ఒకటి మాకు మాత్రమే తెలుసు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, తనదైన పాదం ఒకటి కూర్చేవాడు. పైకి చదివేవాడు కాదు. వేలికొసతో ఒకసారి తడిమి, విప్పేసి, ఎవరి గడిలో వాళ్లను వేసేసేవాడు. ఒక్కదానికీ సిరా అంటలేదు.

ఒకనాడు అనంతాచార్యులనే రిటైరైన తెలుగు మేష్టారు ఒక కవిత తెచ్చారు. సముద్రం చేరకుండానే ఇసుకలో ఇంకిపోయిన వాగు గురించి. ‘కడలి దారి మఱచిన వాగు’ అన్నచోట నేనే ఉండాలని పట్టుబట్టారు. ఆయన చివరి పాదం ఇది: ‘నుదుట రాసిన రాతను ఏ నీరు కడిగేను?’

శరభయ్య మూడు పాదాలు కూర్చి ఆగాడు. తరవాత నాలుగోది మార్చేశాడు.

ప్రూఫు చూసిన మేష్టారు మండిపడ్డారు. “నా కవితలో చెయ్యిపెట్టడానికి నువ్వెవడివయ్యా?”

“తప్పయిపోయిందండి మేష్టారూ. ఇప్పుడే తీసేస్తానండి.”

ఆయన కళ్లజోడు సర్దుకుని పైకి చదివారు. “ఇసుక తవ్విన వేళ్లకు ఇంకా తడి తగిలేను.” మళ్లీ చదివారు. “ఉండనీ” అని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

కవిత ఆయన పేరుతోనే అచ్చయింది. టౌన్‌హాల్లో సన్మానం జరిగింది. మర్నాడు మా యజమాని ఆ ముచ్చట చెప్పాడు. “ఆ చివరి పాదానికి జనం లేచి చప్పట్లు కొట్టారు శరభయ్యా! ఆచార్లు గారు తల కూడా ఎత్తలేదు. ఎంత వినయమో!”

“అలాగాండి” అన్నాడు శరభయ్య. ఆ రోజు మొదటిసారి నన్ను వేరే గడిలో వేశాడు.

మూడు నెలలకు మేష్టారు మళ్లీ వచ్చారు. మనిషి వడలిపోయారు. విత్తడానికని దాచి దాచి, చివరికి మొలకెత్తే వయసు దాటిపోయిన గింజ గురించి రాసుకొచ్చారు. మూడు పాదాలే ఉన్నాయి.

“నాలుగోది రావడంలేదు. నువ్వు చెప్పు. ఈసారి నీ పేరూ వేయిస్తాను” అన్నారు.

శరభయ్య కాగితాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చదివాడు. మడిచి తిరిగి ఇచ్చేశాడు.

“నాకు వచ్చింది ఆ ఒక్కటేనండి. అది మీ దగ్గరే ఉంది.”

మేష్టారు గుమ్మం పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగారు. శరభయ్య చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. అది కోపమో భయమో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ మధ్యాహ్నం అతను ఆ నాలుగో పాదం కూర్చాడు. వేలితో ఒకసారి కాదు, నాలుగైదుసార్లు తడిమాడు. సిరా పలక వైపు చూశాడు. ఇంతలో మెట్లమీద యజమాని అడుగుల చప్పుడు వినబడింది. గబగబా మమ్మల్ని విప్పేశాడు.

ఏడాది తిరక్కుండా ఆఫీసులోకి సీసపు అక్షరాలు అక్కర్లేని కొత్త మిషను వచ్చింది. శరభయ్యను ఇంటికి పంపారు, మమ్మల్ని గోతాల్లో పోశారు. ఇప్పుడు పాత ఇనుము కొట్టు వెనక, కరిగించే రోజు కోసం చూస్తున్నాం. ఆ పాదం గురించి ఎవరైనా అడిగితే చెప్పాలని ఉంటుంది. కానీ నేను ఒక్క అక్షరాన్ని. ఆవేళ నాకు ఇటు ‘కొ’ ఉంది, అటు ‘త’ ఉంది. ‘కొఱత’ అన్న ఆ మాటవరకే నాకు తెలుసు. ముందు ఏముందో, తరవాత ఏముందో నేను చూడలేదు.