అత్తగారు పెట్టిన షాపు

బ్యాగుల షాపులో జిప్పులు వేసే అతన్ని ఇంటా బయటా అందరూ 'చూద్దాంలే' అనేవారు. ఆ పేరు పెట్టింది భార్యే. సొంతంగా షాపు పెట్టుకుందామండీ అని పెళ్లైన కొత్తలో ఆమె అడిగితే "చూద్దాంలే" అన్నాడు. పాప పుట్టాక అడిగినా అదే మాట. పాప బడికెళ్లడం మొదలుపెట్టి, "నాన్నా, షాపు పెడదామా?" అంటే దానికీ అదే జవాబు.

పని రాక కాదు. ఎంత మొండికేసిన జిప్పైనా అతని చేతిలో పడితే దారికి వచ్చేది. కాకపోతే అతను చేసేదంతా వెనక గదిలో. యజమాని ఆ జిప్పును గిరాకీ ముందు సర్రున లాగి, "అదీ మన పనితనం!" అనేవాడు. ఆ 'మన'లో తన వంతు ఎంతోనని లోపల ఇతను ఆలోచించేవాడు. అడగడానికి మాత్రం నోరు పెగిలేది కాదు.

అత్తగారు వాళ్లతోనే ఉండేది. ఆవిడ నోటికి ఆ ఇబ్బంది లేదు. ఒకరోజు పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, తన అల్లుడికి ఆఫీసులో మేనేజరు పదవి ఇచ్చారనీ, కుర్చీ గిర్రున తిరుగుతుందనీ చెప్పుకుంది. అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా అల్లుడికి ఒకరు కుర్చీ ఇచ్చేదేమిటమ్మా? సొంతంగా షాపే పెట్టుకున్నాడు."

"అలాగా! ఎక్కడో?"

"ఎక్కడేమిటి, ఇంట్లోనే. సెలవు రోజుల్లో తీస్తాడు. ఎంత పాడైన జిప్పైనా పట్టుకురా."

మర్నాడు సెలవు. అతను బనీనుతో గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటుంటే, పక్కింటావిడ పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చింది. వేడుక చూద్దామని వెంట ఇద్దరు స్నేహితురాళ్లను కూడా తెచ్చుకుంది.

"షాపు తీశారా?" అంది.

"ఏ షాపు?" అన్నాడు నురగతో.

అత్తగారు లోపల్నుంచి ఒక్క ఉరుకున వచ్చింది. "తీస్తున్నారు, తీస్తున్నారు! కూర్చోండమ్మా. అల్లుడుగారూ, మీరొకసారి లోపలికి రండి."

వంటింట్లోకి వెళ్లాక అతను గొంతు తగ్గించి, "ఇదేం పని అత్తయ్యగారూ?" అన్నాడు.

"నోరు జారింది. జారిన మాటను వెనక్కి లాగడం నా వల్ల కాదు. జిప్పైతే మీరు లాగగలరుగా!"

"మిషనేదీ? బల్లేదీ?"

అత్తగారు తన గదిలోకి వెళ్లి, కన్నకూతురిని కూడా ముట్టుకోనివ్వని కుట్టుమిషను మీది గుడ్డ తీసేసింది. "నా ప్రాణం ఇస్తున్నాననుకోండి. గట్టిగా మాత్రం తొక్కకండి" అంది. భార్య భోజనాల బల్ల మీది గిన్నెలన్నీ కింద పెట్టేసి, "ఇవాళ్టికి ఒళ్లో పెట్టుకుని తిందాం" అంది. అప్పుడు అతను కూడా మంచం కిందకి దూరి ఒక రేకు డబ్బా బయటికి లాగాడు. జనం పారేసిన బ్యాగుల నుంచి ఊడదీసి దాచిన జిప్పులు, వాటి మీద జారే రన్నర్లు డబ్బా నిండా ఉన్నాయి.

భార్య నోరు తెరిచింది. "ఇన్నేళ్లుగా ఇవన్నీ దాచి ఏం చేద్దామనండీ?"

అతను డబ్బా ఎత్తుకుని ముందుగదిలోకి నడిచాడు.

సూట్‌కేసుకు పెద్ద జబ్బేమీ లేదు. రన్నర్ వదులై పళ్లను పట్టడం లేదంతే. పట్టకారుతో రెండు పక్కలా నొక్కి, పళ్లకు కొవ్వొత్తి రుద్ది, ఆవిడ కళ్ల ముందే ఈ చివర నుంచి ఆ చివరకు సర్రున లాగాడు. స్నేహితురాళ్లు "అబ్బ!" అన్నారు. జన్మలో ఆ 'అబ్బ' అతను ఎదురుగా వినడం అదే మొదలు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. పక్కింటావిడ, జిప్పు ఎక్కడైనా బిగుసుకుంటుందేమోనన్న ఆశతో ముందుకీ వెనక్కీ లాగిలాగి అలిసిపోయింది.

"ఎంతివ్వమంటారు?"

"మీ ఇష్టమండీ..."

అత్తగారు గట్టిగా దగ్గింది. "ఆవిడ ఇష్టానికి వదిలేస్తే మళ్లీ మనమే ఎదురివ్వాలి."

"పక్కింటివాళ్లం కదమ్మా!"

"అందుకేగా నీకు దారి ఖర్చులు మిగిలాయి!"

ఆనాటి నుంచి ప్రతి సెలవుకూ ముందుగది బ్యాగులతో నిండిపోసాగింది. మిగతా రోజుల్లో అతను యజమాని దగ్గరకు యథాప్రకారం వెళ్లేవాడు, తేలుకుట్టిన దొంగలా.

ఒక సెలవునాడు యజమానే వచ్చాడు. పట్టుకోవడానికేమీ కాదు. ప్రయాణమై బయలుదేరబోతుంటే బ్యాగు జిప్పు మధ్యలో బిగుసుకుపోయింది. మూసి ఉన్న సొంత షాపులో పనివాడు ఎటూ లేడు. ఎవరినో అడిగితే ఈ ఇల్లు చూపించారు. సగం తెరుచుకున్న బ్యాగులోంచి చొక్కా చెయ్యి వేలాడుతుండగా గుమ్మంలో నిలబడి, మెడలో టేపుతో ఉన్న తన పనివాణ్ణి చూశాడు.

"నువ్వా!"

"మీరా సార్!"

"నా జీతం తింటూ నాకే పోటీ దుకాణమా?"

అత్తగారు కొంగు బిగించి ముందుకొచ్చింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరుండండి అత్తయ్యగారూ. నేను మాట్లాడతాను."

ఆ ఇంట్లో ఆవిడను ఆపిన మొదటి మనిషి అతనే. ఆశ్చర్యంతో ఆవిడ నిజంగానే ఆగిపోయింది.

"అవును సార్. షాపు పెట్టాను" అన్నాడు. ఆ మాట బయటికి వచ్చి తన చెవిన పడ్డాక అతనికే నమ్మకం కుదిరింది. "రేపటి నుంచి పనికి రాను."

వంటింట్లో గరిటె కింద పడింది.

యజమాని గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "మరి నా షాపులో జిప్పులెవరు వేస్తారయ్యా?"

"నేనే వేస్తాను. ఇక్కడికి పంపించండి. రేటు మాట్లాడుకుందాం."

"నీకు నేను పంపాలా? నేనా?" అంటూ యజమాని ఇంకా ఏదో అనబోయాడు గానీ, చొక్కా చెయ్యి ఇంకాస్త బయటికి జారింది. గడియారం చూసుకున్నాడు. "సరే, ముందు దీని సంగతి చూడు" అని కుర్చీలో కూలబడ్డాడు.

రేటు దగ్గర ఇద్దరూ కాసేపు పెనుగులాడారు. అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఎలాగో ఓర్చుకుంది. మరుసటి వారం నుంచి బ్యాగులు మూటలు మూటలుగా రావడం మొదలైంది. వాటి ధైర్యంతో వీధి చివర షట్టరున్న ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నారు.

గది తెరిచిన కొత్తలో ఒకాయన జిప్పు పాడైన గుడారం తెచ్చాడు. అతను గుడారం ముట్టుకుని ఎరగడు. అయినా సరే విప్పమన్నాడు. విప్పితే అది గది మొత్తం ఆక్రమించి కాళ్లు వీధిలోకి చాపింది. అవతలి నుంచి రన్నర్ నెట్టే మనిషి కావలసి వచ్చి అత్తగారు లోపలికి దూరింది. అతను పళ్లు సరిచేసి, బయటి నుంచి జిప్పు మూసి చూస్తుండగా, సంచి పట్టుకుని ఒకావిడ వచ్చింది.

"ఇది బాగవుతుందాండీ?"

"ఎందుకు కాదమ్మా, అక్కడ పెట్టు" అంది గుడారం. "ఎక్కడికి ప్రయాణం?"