ఒగుటు ఇంటి కుర్చీలు

మా మిషన్ బడిలో మొదటి మార్కు ఎప్పుడూ అపోండిదే. నా సవతి అవీనో కూతురు. సవతి బిడ్డను మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు కానీ, ఆ పిల్ల సంగతి వేరు. ఎండు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు నడుస్తూ కూడా పాఠాలు వల్లించుకునేది. మా ఆయన పోయాక మా రెండు గుడిసెల్లోనూ మిగిలిన ఆశ ఆ పిల్లే.

ఆ ఏడు పాస్టర్ ఒకుము వచ్చి ఓ కబురు చెప్పాడు. బడిని పోషించే తెల్లవాళ్ళు వస్తున్నారు, ఒక ఆడపిల్లను తమ దేశం తీసుకెళ్ళి డాక్టరు చదువు దాకా చదివిస్తారు. ఎంచిన వాళ్ళలో మిగిలింది ఇద్దరే, మా అపోండి, దుకాణం ఒగుటు కూతురు అకెచ్.

"మార్కులు చూశారు. ఇక ఇల్లు చూస్తారు" అన్నాడు పాస్టర్.

ఇల్లు చూస్తారంటే మాకేం అర్థమవుతుంది? సంబంధానికొచ్చే వాళ్ళూ ఇల్లే చూస్తారు. అవీనో గాభరా పడిపోయింది.

"అక్కా, వాళ్ళను కూర్చోబెట్టడానికి మంచి పీట కూడా లేదే. పరువు పోతుంది."

"ఏడిశావులే. అడిగి తెచ్చుకుందాం, పద."

ఒగుటు దగ్గరికి వెళ్ళాం. ఊళ్ళో మోటారు సైకిలు, సిమెంటు ఇల్లు, సోఫాలు ఉన్నది అతనికే. ఒట్టి పిసినారి. చక్కెర తూచేటప్పుడు నాలుగు పలుకులు ఎక్కువ పడితే గిల్లి తీసేస్తాడు. అలాంటివాడు మేం నోరు తెరవగానే, "తీసుకెళ్ళండమ్మా! అతిథులు ఎవరింటికొచ్చినా ఊరందరి పరువే కదా" అన్నాడు. కుర్చీలు, సోఫా, గోడ గడియారం, పింగాణీ కప్పులు తన గాడిద బండిలోనే పంపించాడు. అడక్కుండానే అకెచ్ నల్ల బూట్లు కూడా అపోండి కోసం ఇచ్చాడు. దారంతా అవీనో అతన్ని దీవిస్తూనే ఉంది. నేనూ దీవించాను, నా నోరు పడ.

గుడ్లు పెట్టే పెట్ట ఒక్కటే ఉంటే దాన్నే కోశాం. తెల్లవాళ్ళలో పెద్దావిడ చల్లని మనిషి. సోఫాలో కూర్చుని కోడికూర, సంకటి చేత్తోనే తింది. తింటూ ఏదో అడిగింది.

"తిండికి ఇబ్బందేమైనా ఉందా అంటున్నారు" అన్నాడు పాస్టర్.

అతిథి చెయ్యి పళ్ళెంలో ఉండగా ఆకలి మాట ఎత్తితే, ఇక లేవమన్నట్టే మాలో. ఒంటిపూట సంకటితో రోజులు నెట్టుకొస్తున్న అవీనో నిండుగా నవ్వింది.

"దేవుడి దయ వల్ల ఏ లోటూ లేదు. ఇంకాస్త వడ్డించుకోమనండి."

ఆవిడ అపోండి వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది, నీకేం కావాలమ్మా అని. పిల్లకు ఆ భాష బాగా వచ్చు. తల్లి వైపు చూసింది. వచ్చినవాళ్ళను దేబిరించకు అని తల్లి కళ్ళతోనే చెప్పింది.

"మీరు రావడమే చాలు" అంది అపోండి.

అంత బాగా పెంచాం మరి పిల్లని. ఎవర్నని ఏం లాభం!

వాళ్ళు వెళ్ళాక చూస్తే ఆవిడ గొడుగు మరిచిపోయింది. పట్టుకుని జీపు వెనకాలే పరుగెత్తాను. జీపు ఒగుటు సిమెంటు ఇంటి ముందు ఆగలేదు. తల్లి పోయిన దగ్గర్నుంచి ఒగుటు మేకలను కట్టేస్తున్న పాత మట్టింటి దగ్గర ఆగింది. చిరిగిన చొక్కాతో ఒగుటు నేల మీద కూర్చున్నాడు. పక్కన అకెచ్, ఉత్త కాళ్ళతో. పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

గాడిద బండి ఎందుకు పంపాడో అప్పుడు తెలిసింది నాకు. ఒళ్ళు మండిపోయింది.

"పాస్టరుగారూ! మా ఇంట్లో సామానంతా వీడిదే! మాకు తినడానికే లేదు, చెప్పండి ఆవిడకి!"

పాస్టర్ నన్ను పక్కకు లాగాడు. "ఊరుకో తల్లీ. ఇద్దరూ అబద్ధాలాడారని ఇద్దర్నీ వదిలేస్తారు. బడి కూడా మూతపడుతుంది."

నేను ఊరుకోలేదు. గొంతు పోయేలా అరిచాను. ఆవిడకు మా భాష ఒక్క ముక్క రాదు. గొడుగు ఇవ్వడానికి పరుగెత్తుకొచ్చానని మురిసిపోయి, నా చెయ్యి పట్టుకుని, ఆ గొడుగు నన్నే ఉంచుకోమంది.

అకెచ్‌ను ఎంచారు. అంత నిండైన ఇంటికి మన సాయం ఎందుకు అన్నారట మా గురించి.

ఒగుటు బండి తీసుకుని వచ్చాడు. అవీనో ఒక్కో కుర్చీ కొంగుతో తుడిచి ఇచ్చింది. పైగా దణ్ణం పెట్టింది. కిసుము పట్నంలో ఎవరింట్లోనో అంట్లు తోమే పనికి కూతుర్ని పంపుతానని అప్పటికే మాట ఇచ్చేసింది. అపోండి గడప దగ్గర కూర్చుని బూట్లకు నూనె రాస్తోంది.

"విసిరి కొట్టవే వాడి మొహాన!" అన్నాను.

"వద్దు పెద్దమ్మా. అకెచ్ వీటితోనే విమానం ఎక్కాలి. దానికి బిగుతట పాపం" అంటూ రెండోది అందుకుంది. "నాకైతే సరిగ్గా సరిపోయాయి."